హాన్లే చీకట్లో వెయిల్ నెబ్యులా

లేహ్‌లో రెండు రోజులు ఆగి, ఒంటిని ఆ పలచని గాలికి అలవాటు చేసుకున్నాకే లదాఖ్‌లోని హాన్లే బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. చుమాథాంగ్, న్యోమా, లోమా. దారి అందం గురించి ఎక్కువ చెప్పను. నేను వెళ్లింది చీకటి కోసం.

హైదరాబాదులో మా మేడ మీంచి వెయిల్ నెబ్యులాను ఫొటో తీద్దామని రెండేళ్లు ప్రయత్నించాను. రాజహంస మండలంలో, దాదాపు 2,400 కాంతి సంవత్సరాల దూరంలో, పదివేల ఏళ్లకు పైనే అయింది ఒక నక్షత్రం పేలి. దాని అవశేషమైన వాయువు మబ్బే ఈ నెబ్యులా, ఆకాశంలో ఆరు పున్నమి చంద్రుళ్లను పక్కపక్కన పేర్చినంత వెడల్పు. అయినా నగరం వెలుగులో ఫిల్టరు పెట్టినా మసకే మిగిలేది.

హాన్లేను 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు. పొద్దుగూకితే ఇళ్ల కిటికీలకు మందపాటి తెరలు దించేస్తారు. కొండమీద, 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల అద్దమున్న ‘హిమాలయన్ చంద్ర’ టెలిస్కోపు గుమ్మటం. సెప్టెంబరు అమావాస్య రాత్రి. పాలపుంత కొండనుంచి కొండకు పరుచుకుంది.

మన ఊళ్లో ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తున భవనాల వెనక దాక్కుంటుంది. ఇక్కడ దాదాపు 33 డిగ్రీలు. ఆకాశంతోపాటు కెమెరాను తిప్పే మౌంటును దానికి గురిపెట్టడం పది నిమిషాల్లో అయిపోయింది. చిక్కు వేరేచోట వచ్చింది. తొమ్మిదిన్నరకు నెబ్యులా దాదాపు నడినెత్తికి వస్తుంది. అప్పుడు కెమెరా వెళ్లి ట్రైపాడ్ కాలికి తగిలేలా ఉంది. "బావా, ఆపు, ఆపు!" అని వాడు అరవబట్టి సరిపోయింది. మౌంటును అటువైపు తిప్పి, మళ్లీ గురి చూసుకునేసరికి అరగంట పోయింది. బ్యాటరీలు చలికి చచ్చిపోకుండా స్వెట్టర్ లోపల పెట్టుకున్నాం.

మూడు నిమిషాల ఎక్స్‌పోజరుతో తీసిన మొదటి ఫ్రేము తెర మీదికి రాగానే ఇద్దరికీ మాట రాలేదు. 52 సిగ్నై నక్షత్రాన్ని ఆనుకుని సన్నని దారాలు! హైడ్రోజన్ ఎర్రన, ఆక్సిజన్ నీలి ఆకుపచ్చ. నిజానికి అవి దారాలు కావు. పేలుడు తరంగం అంతరిక్షంలోని వాయువును గుద్దుకున్నచోట వెలిగే పలచని పొరలు. చీర కుచ్చిళ్లను అంచువైపు నుంచి చూస్తే మడత దగ్గర రంగు చిక్కబడినట్టు, పొర మనకు పక్కవాటుగా ఉన్నచోటే గీత కనిపిస్తుంది. 1784లో, ఇదే సెప్టెంబరు నెలలో, విలియం హెర్షెల్ దీన్ని కెమెరా లేకుండా, టెలిస్కోపులోంచి కంటితో చూసే పట్టుకున్నాడు.

రెండింటిదాకా 58 ఫ్రేములు.

తెల్లవారుజామున టీ తెచ్చిన ఆమాలే (లదాఖీలో అమ్మ) కెమెరా తెరను చాలాసేపు చూశారు. "ఇది ఎక్కడుంది?" అని హిందీలో అడిగారు. పడమటి కొండవైపు చెయ్యి చూపించాను. అప్పటికే అది దాని వెనక్కి దిగిపోయింది.