మా హెరాల్డ్ స్టీరింగ్, నా గ్రీజు గన్ను

నిన్న రాత్రే బండి ఇంటికొచ్చింది, చేతులకి ఆయిల్ వాసన ఇంకా పోలా. మా నాయన కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు, మద్రాసులో తయారైంది, 1967 మోడల్. 25 అడుగుల మేర ఉంటే చాలు గుండ్రంగా తిరిగేస్తది, మీ కొత్త కార్లని తిరగమనండి చూద్దాం.

కోవూరు నుంచి వస్తా ఉంటే పెన్నా వంతెన మీద స్టీరింగ్ ఊగడం మొదలైంది. నెల్లూరులో ఒక పెద్ద వర్క్‌షాపులో టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కీళ్లు) మార్చి, రెండుసార్లు అలైన్‌మెంట్ చేసి, రెండుసార్లూ డబ్బులు గుంజారు, ఊగుడు మాత్రం తగ్గలా. కంప్యూటర్ పెట్టుకున్న ప్రతివాడూ మెకానిక్కే మరి. స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగి చక్రాల్ని తిప్పే కడ్డీ, దాన్ని బిగించే రబ్బరు బుష్‌లు నేనే మార్చుకున్నా, అదేం పెద్ద పని కాదు.

చివరికి గూడూరులో ఒక పెద్దాయన దగ్గరికి పోయినా. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. "అడుగున ట్రనియన్‌లో ఏం కొడతా ఉండావు అబ్బయా?" అన్నాడు. నేను ఛాతీ విరుచుకుని "నెలనెలా గ్రీజు సామీ, ఒక్క నెల కూడా తప్పలా" అన్నా. "అయితే నువ్వే చంపుకున్నావు" అన్నాడాయన, అక్కడ టీ తాగతా ఉన్న నలుగురు పిల్లోళ్లు పగలబడి నవ్వారు. ట్రనియన్ అంటే ముందు చక్రాన్ని మోసే నిలువు లింకు అడుగున ఎక్కే ముక్క; స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ లింకు కింది మర (స్క్రూ గాడులు) దాంట్లో తిరగతా ఉంటదంట, దానికి 90 నంబరు చిక్కటి గేర్ ఆయిల్ పోయాలంట, గ్రీజు ఆ మరల్లోకి సరిగ్గా పోకుండా గట్టిపడిపోద్ది, నీళ్లు చేరి తుప్పు పడతది, ఒకరోజు లింకు అక్కడే విరిగి చక్రం పక్కకి మడుచుకుంటది. నిజంగానే ఎడమ లింకు మర తుప్పుకి తినేసి ఉంది. పదిహేనేళ్లుగా గ్రీజు గన్ను పట్టుకుని ఊరందరికీ నీతులు చెప్పిన నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలా.

చెన్నై పుదుపేటలో రెండు ట్రనియన్లు దొరికాయి. ఒకటి ఎక్కింది, రెండోది ఎంత తిప్పినా ఎక్కదే! కుడి చక్రానిది మామూలు మర, ఎడమ చక్రానిది రివర్స్ మర (ఎడమకి తిప్పితే బిగిసేది), నాకిచ్చినవి రెండూ కుడివే. ఆ షాపాయన వాపసు తీసుకోనని మొహం మీదే చెప్పాడు. కొనే ముందు మర చూసుకోండి, నాలాగా సంచీలో వేసుకుని వచ్చేయకండి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే ఇంగ్లండ్ కారు ముందు చక్రాలదీ ఇదే ఏర్పాటు కాబట్టి ఎడమ లింకూ ట్రనియనూ ఇంగ్లండ్ నుంచి తెప్పించా, కస్టమ్స్ వాళ్ల బాదుడు వేరే.

గ్రీజు గన్ను కిరసనాయిలుతో కడిగి 90 ఆయిల్ నింపా. కుడి ట్రనియన్ ఒకటి మిగిలింది, ఎవరికైనా కావాలంటే కొన్న ధరకే ఇస్తా.