మా అమ్మాయి యాంకరింగ్, నా వాచీ

మా చిన్నదానికి అప్పుడు తొమ్మిదేళ్ళు. స్కూల్ యానివర్సరీలో అది మాట్లాడిన వీడియో చూసి ఒక ఛానెల్ వాళ్ళు ఫోన్ చేశారు. పిల్లల క్విజ్ షోకి పిల్లే యాంకర్‌గా కావాలట, పదమూడు ఎపిసోడ్లు. ఇంట్లో అందరం గంతులేశాం, మా అత్తయ్య తప్ప. ఆవిడ రేడియోలో బాలానందం విని పెరిగిన మనిషి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల్ని పిల్లలంతా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనేవారు కదా. "మరి దీన్ని ఏమని పిలుస్తారమ్మా?" అన్నారు.

స్క్రీన్ టెస్ట్‌లో "గుళ్ళో పళ్ళెం" అనమంటే "గుల్లో పల్లెం" అంది. రెండు వారాలు అత్తయ్యే కూర్చోబెట్టి "ళ" పలికించారు. చదవాల్సిన మాటల్ని కెమెరా దగ్గర తెర మీద చూపించే టెలిప్రాంప్టర్ ఇంకో గండం. చదువుతుంటే కళ్ళు ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతున్నాయని పదే పదే కట్ చెప్పారు. చివరికి కెమెరామన్ లెన్స్ పక్కన పెన్సిల్‌తో గీసిన పిల్లి బొమ్మ అంటించి, "స్క్రిప్టు వదిలెయ్, దీనికి కథ చెప్పు" అన్నాడు. అంతే, గలగలా మాట్లాడేసింది.

అసలు పని కాగితాలతో మొదలైంది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో రూల్స్ వచ్చాయి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు టీవీలో చేయవచ్చు, కానీ షరతులున్నాయి. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ నుంచి నిర్మాత అనుమతి తీసుకోవాలి, ఫారం సి లో హామీ పత్రం ఇవ్వాలి. పిల్లల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం, అక్కడ పిల్లల బాధ్యత చూసే మనిషి పేరు అందులో ఉండాలి. ఐదుగురు పిల్లలకు ఒకరు చొప్పున అలాంటి మనిషి ఉండాలి. "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అన్నాడు కోఆర్డినేటర్. అనుమతి కాపీ చేతికొచ్చేదాకా డేట్స్ ఇవ్వనన్నాను. ముఖం మాడ్చుకున్నాడు గానీ నాలుగో వారానికి తెచ్చాడు.

రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. మేకప్ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచే లెక్కపెట్టాను. ఈ విషయంలో మొహమాటపడితే పని జరగదు. మొదటి రోజు నాలుగు గంటల యాభై నిమిషాలకి లేచి నిలబడితే, "ఒక్క లింక్ మేడమ్, ఒకే ఒక్కటి" అన్నారు. లింక్ అంటే షోలో రెండు భాగాల మధ్య యాంకర్ చెప్పే మాటలు. వాళ్ళ ఒక్కటికి అరగంట పడుతుందని అప్పటికే అర్థమైంది. ప్యాకప్ అన్నాను. సెట్లో అందరూ నన్ను విలన్‌లా చూశారు.

పాప మాత్రం మూడో రోజు పొద్దున "నేను రాను" అని మొండికేసింది. నడుముకి కట్టే మైకు బెల్టు గుచ్చుకుంటోందట, ఏసీకి కాళ్ళు గడ్డకడుతున్నాయట. పిల్లకు ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా రూల్స్‌లో ఉంది. నేను పట్టుబట్టలేదు. ఫోన్ చేసి చెప్పాను. మధ్యాహ్నానికి వాళ్ళే మెత్తటి బెల్టు తెస్తామన్నారు, మేం సాక్సులు, శాలువా సర్దుకున్నాం. మర్నాడు హుషారుగా వెళ్ళింది. ఆ రోజే దీనికన్నా ఏడాది పెద్దవాడొకడు జవాబు చెప్పేముందు "మేడమ్, క్లూ ఇవ్వండి" అన్నాడు. అత్తయ్య ప్రశ్నకి జవాబు దొరికింది.

డబ్బుల దగ్గర మళ్ళీ పేచీ. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో వాళ్ళ పేరు మీద నేరుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజర్ అయ్యాకే ఇస్తారు. వీళ్ళేమో మొత్తం నా ఖాతాలో వేసేశారు. ఆనందంగా ఉంచేసుకోవచ్చు కదా అని మా ఆయన నవ్వారు. సరిచేయించడానికి నెలన్నర, లెక్కలేనన్ని ఫోన్లు పట్టాయి. పాపకి పాన్ కార్డు కూడా తీశాం. సొంత ప్రతిభతో పిల్లలు సంపాదించినది తల్లిదండ్రుల ఆదాయంలో కలవదని, దాని లెక్క దానిదేనని మా ఆడిటర్ చెప్పారు.

ఎఫ్‌డీ రసీదు దాని చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసింది. "పద్దెనిమిదేళ్ళకా? అప్పటికి నేను కొనుక్కుందామనుకున్న సైకిల్ మోడల్ ఉంటుందా అమ్మా?"