మనసు గురించి చెప్పడానికి కూడా ఒక పీరియడ్ ఇవ్వండి

నేను విజయవాడ దగ్గర ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను. గుండె ఎలా కొట్టుకుంటుందో బొమ్మ గీయించి, గదులకి పేర్లు పెట్టించి మరీ చెప్తాం, కానీ పడుకోగానే గుండె దడదడలాడుతోంది మేడమ్ అనే పిల్లకి జవాబు చెప్పడానికి టైంటేబుల్లో చోటే ఉండదు. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే, సగం 18 లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అంటే మా ఎనిమిదో క్లాసు నుంచి ఇంటర్ దాకా ఉన్న పిల్లలే కదా.

ఆదివారం ఏ కాలేజీ హాస్టల్ దగ్గరికైనా వెళ్లి చూడండి. అమ్మ క్యారియర్ విప్పి పులిహోర పెడుతూ ఉంటుంది, నాన్న పక్కనే కూర్చుని వీక్లీ టెస్ట్‌లో ర్యాంక్ ఎంతొచ్చిందిరా అంటాడు, వాడు ముద్ద నోట్లో పెట్టుకుని తల దించేస్తాడు. నిద్ర పడుతోందా అని అడిగే వాళ్లు నాకు చాలా తక్కువ కనిపించారు. వాళ్లకి ప్రేమ లేక కాదండి, అలా అడగాలని ఎవరూ చెప్పలేదు.

విశాఖలో కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి గైడ్‌లైన్స్ ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న చోట ట్రైనింగ్ ఉన్న కౌన్సిలర్ ఒకరైనా ఉండాలి, స్టాఫ్‌కి ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ పరువు తీయడం మానుకోవాలి అని. చాలా మంచి మాట. కానీ కౌన్సిలర్ గది ఒకటి తెరిచి కూర్చుంటే పిల్లలు వచ్చేస్తారా? ఆ తలుపు తడితే పిచ్చోడని పేరు పడుతుందేమోనని భయం, అందుకే ముందు క్లాసులో అందరికీ కలిపి చెప్పాలి అంటాను, ఎందుకంటే తేడా మొదట కనిపెట్టేది పక్క బెంచీ వాళ్లే, మాకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది వాడు అన్నం తినట్లేదని, ఆటలకి రావట్లేదని. మా స్టాఫ్ రూంలో అదే పిల్లాడికి బద్ధకం, పొగరు అని పేరు పెట్టేస్తారు, అది వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రతి స్కూల్లో ఇద్దరు టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చి పిల్లలకి ఆరోగ్యం గురించి చెప్పించాలని కేంద్రం 2020లోనే ప్రోగ్రాం మొదలుపెట్టింది, అందులో మనసు ఆరోగ్యం కూడా ఒక అంశం. పరీక్షలు దగ్గర పడగానే ఇలాంటి పీరియడ్లనే ముందు లెక్కలకి ఇచ్చేస్తారు, అదీ సమస్య.

నేను మొన్న ఒక పీరియడ్ దీనికే పెట్టాను. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 బోర్డు మీద రాసి, ఫ్రీ, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చు అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, మన పేరు ఇంట్లో చెప్తారా మేడమ్ అంది. ఒక్కళ్లూ నవ్వలేదు, అందరూ నా జవాబు కోసమే చూస్తున్నారు. అడిగింది ఒక్కతే గానీ ఆ డౌటు క్లాసు మొత్తానిదీ. బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే మార్కుల సంగతి అయ్యాక ఈ రెండూ అడగండి: కౌన్సిలర్ ఎవరు, ఏ రోజుల్లో వస్తారు? పిల్లలకి దీని గురించి ఏ పీరియడ్‌లో చెప్తున్నారు?