రాక్షసగుళ్ల కొలతలు: విందోలాండా నుంచి వచ్చాక

ఇంగ్లండులో హేడ్రియన్ గోడకు కాస్త దక్షిణాన విందోలాండా అనే రోమన్ కోట ఉంది. వేసవిలో అక్కడి తవ్వకాల్లో విద్యార్థినిగా పని నేర్చుకుని వచ్చాను. 1973లో సిరాతో రాసిన పలుచటి చెక్క పలకలు బయటపడ్డది ఆ నేలలోనే. గాలి చొరని తడిమట్టి కాబట్టి చెక్క, తోలు కూడా నిలిచాయి. మా నల్లగొండ చెలకల్లో వాటిని ఆశించలేం. ఇక్కడి రాక్షసగుళ్లలో, అంటే ఇనుపయుగం నాటి రాతి సమాధుల్లో, దొరికేవి ఎక్కువగా నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు.

అక్కడ నాకు బాగా పట్టుబడిన విద్య రాసుకోవడం. చూసింది ఒక గడిలో, అనుకున్నది మరో గడిలో రాయాలి. ‘సమాధి’ అనే ముందు ‘గుండ్రంగా పేర్చిన బండలు, నడుమ ఎత్తు’ అని రాయాలి. ఇది ఎంత ముఖ్యమో ఏలేశ్వరం తలుచుకుంటే తెలుస్తుంది. అక్కడి రాక్షసగుళ్లు నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయాయి. ముందే తవ్వినవాళ్లు భద్రపరిచిన వస్తువులు, రాసిపెట్టిన వివరాలే ఇప్పుడు మనకు దిక్కు.

మట్టిని చేత్తో పరీక్షించడమూ అక్కడే నేర్చుకున్నాను. తడిపి, ఉండ చేసి, అరచేతుల మధ్య తాడులా పేనాలి. ఇసుక పాలు ఎక్కువైతే పేనకముందే రాలిపోతుంది. మంచి బంకమట్టి తాడును ఉంగరంలా వంచినా తెగదు. ఇంటికొచ్చి నాన్నకు చూపిస్తే ఆయన ఆ మట్టిని వేళ్ల మధ్య నలిపి, ‘చెలకే గానీ రేగడి కలిసింది’ అన్నాడు. అప్పటినుంచి మట్టి గడిలో నాన్న మాట కూడా రాస్తున్నాను.

ఇప్పుడు మా చేను పక్కనున్న రాతి వలయం పటం గీస్తున్నాను. అనుమతి లేకుండా తవ్వకూడదు కాబట్టి పైకి కనిపించేదే కొలుస్తాను, పెంకు కూడా కదపను. కావలసినవి రెండు టేపులు, దిక్సూచి, నాలుగు మేకులు, పురికొస, గ్రాఫు కాగితం. ముందు వలయం మధ్యగా ఉత్తర దక్షిణాలుగా పురికొస లాగి కట్టాలి. ఒక్కో బండ నుంచి ఆ పురికొసకు లంబంగా దూరం కొలవాలి. లంబం సరిచూడటానికి 3, 4, 5 మీటర్ల త్రిభుజం చాలు. కాగితం మీద 2 సెంటీమీటర్లు ఒక మీటరు అనుకుంటే ఎనిమిది మీటర్ల వలయం ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. ఫొటోలు పొద్దున్నే తీయాలి. ఏటవాలు ఎండలో బండ మీది చిన్న గుంటలూ తేలి కనిపిస్తాయి. పక్కన స్కేలు, ఉత్తరం బాణం తప్పనిసరి.

టేపు రెండో కొస తమ్ముడు పట్టుకుంటున్నాడు. ఈమధ్య ‘అక్కా, ఇది పడిపోయిన బండా, పడుకోబెట్టిందా?’ అని వాడే అడుగుతున్నాడు. ఆ ప్రశ్నను కూడా తేదీ వేసి రాసుకున్నాను.

తూర్పువైపు బండలు పక్కవాళ్ల పత్తిచేనులో ఉన్నాయి. పత్తి ఏరడం అయ్యాక రమ్మన్నారు. అవి కూడా పూర్తయితే పటం నకలు ఒకటి పానగల్లు మ్యూజియంలో ఇచ్చి, ముడుమాల్ నిలువురాళ్లు చూడటానికి వెళ్తాం.