ఫోన్ చేసింది నేను, మాట్లాడింది మావాడు

మా అక్క కొడుక్కి 15 ఏళ్లు. క్లాసులో ఒకమ్మాయిని ఫొటో పంపమని వెంటపడ్డాడు. ఎలాంటి ఫొటోనో వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్ల వద్దంది, వీడు వినలేదు. చివరికి "పంపకపోతే మన చాట్ అందరికీ చూపిస్తా" అని రాశాడు. రాసాక భయం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "పిన్నీ, అమ్మకి మాత్రం చెప్పొద్దు" అన్నదే వాడి మొదటి మాట.

తిట్టాలో, కడుపులో దాచుకోవాలో తెలియలేదు. ఆ మెసేజ్ చదివిన పిల్ల ఎంత వణికిపోయి ఉంటుందో అనుకుంటే వీడి మీద కోపం. వీడి మొహం చూస్తే ఏం చేసుకుంటాడోనని టెన్షన్.

బాధితుల కోసం హెల్ప్‌లైన్లు ఉంటాయని అందరికీ తెలుసు. తన ప్రవర్తన చూసి తనే భయపడుతున్నవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం కూడా ఉంటాయని నాకు వెతికితేనే తెలిసింది. అమెరికాలో స్టాప్ ఇట్ నౌ అనే అలాంటి సంస్థ 1992లో మొదలైంది. దాన్ని స్థాపించిన ఫ్రాన్ హెన్రీ చిన్నతనంలో తానే లైంగిక హింసను భరించిన మనిషి. హాని జరిగాక ఏడవడం కాదు, జరగకముందే పెద్దవాళ్లు అడ్డుపడాలన్నది ఆమె పట్టుదల. 14 నుంచి 21 ఏళ్ల వాళ్ల కోసం అదే సంస్థ వాట్స్ ఓకే పేరుతో విడిగా ఒక సేవ నడుపుతోంది.

నేను మాకు అందుబాటులో ఉన్న అలాంటి ఒక లైనుకి చేశాను. కలవడానికి చాలాసేపు పట్టింది, అదీ పగటిపూటే. ఇలాంటి భయాలు పిల్లల్ని పట్టేది రాత్రిళ్లు. ఆ వేళకి లైను తెరిచి ఉండాలని గట్టిగా అనిపించింది.

ఫోనెత్తినావిడ ముందే ఒక మాట చెప్పారు. "మీ పేరు, బాబు పేరు, స్కూలు పేరు నాకు చెప్పకండి. పేర్లు లేకుండా ఎంతసేపైనా మాట్లాడుకుందాం. కానీ ఫలానా పిల్లకి ప్రమాదం ఉందని పోల్చుకునేలా వివరాలు వస్తే, నేను అధికారులకి తెలియజేయాలి. అది దాచను." నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది ఈ మాటతోనే. అంతా రహస్యమేనని బుజ్జగించి చెప్పించుకుని, తర్వాత బయటపెడితే, ఆ పిల్లాడు ఇంకే పెద్దవాళ్ల దగ్గరా నోరు విప్పడు.

తర్వాత అడిగినవన్నీ ముందు ఆ అమ్మాయి గురించే. ఇంకా మెసేజ్‌లు వెళ్తున్నాయా? వీడి దగ్గర ఆమె ఫొటో ఏదైనా ఉందా? ఈ సంగతి ఆమె పక్కనున్న పెద్దవాళ్లకి తెలుసా? ఇంట్లో చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా? ఆ తర్వాత, "బాబు చచ్చిపోతానని గానీ అన్నాడా?" అని అడిగారు. అనలేదు. కానీ వాణ్ని ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

"సారీ మెసేజ్ పెట్టించనా అండీ?" అన్నాను.

"వద్దు. వాడి నుంచి ఏ మెసేజ్ వచ్చినా ఆ పిల్ల గుండె ఝల్లుమంటుంది. క్షమించానని బదులివ్వాల్సిన భారం కూడా ఆమె మీదే పడుతుంది. ముందు అన్నీ ఆగిపోవాలి. మిగతాది పెద్దవాళ్ల ద్వారా."

ఫొటో ఉండి ఉంటే ఏం చేయాలో కూడా చెప్పారు. ఎవరూ తెరిచి చూడకూడదు, రుజువు కోసమని కూడా కాపీ తీయకూడదు, ఎవరికీ పంపకూడదు. 18 ఏళ్లలోపు తీసిన ఫొటో ఆన్‌లైన్‌లోకి వెళ్తుందన్న భయముంటే, ఆ ఫొటోలో ఉన్నవాళ్లు టేక్ ఇట్ డౌన్ అనే ఆన్‌లైన్ సేవ వాడుకోవచ్చట. ఫొటో ఫోన్‌లోనే ఉండిపోతుంది. దాని నుంచి తయారైన ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది, దాన్నిబట్టి ఆ సేవలో చేరిన కంపెనీలు ఫొటోని గుర్తుపట్టి తీసేస్తాయి. మా విషయంలో అంతదాకా రాలేదు.

మావాడు ఆవిడతో విడిగా మాట్లాడాడు. నేను బయట కూర్చున్నాను. "నన్ను ఒక్క మాట అనలేదు పిన్నీ. కానీ నేను చేసింది బెదిరించడమేనని నా నోటితోనే చెప్పించింది" అన్నాడు బయటికొచ్చి. "ఇక నేనెప్పటికీ ఇంతేనా?" అని కూడా అడిగాడట. కాదనడానికి ఆధారాలున్నాయి. కాల్డ్‌వెల్ అనే పరిశోధకుడు 2016లో ప్రచురించిన సమీక్షలో, లైంగిక నేరాల కేసుల్లో కోర్టు దాకా వెళ్లిన మైనర్లలో మళ్లీ అలాంటి నేరంలో దొరికినవాళ్లు సగటున 5 శాతం లోపే. 2000 తర్వాతి అధ్యయనాలనే చూస్తే 3 శాతం లోపు. ఇంకో వైపూ చూడాలి. పిల్లలపై లైంగిక నేరాలు చేసినట్టు అమెరికా పోలీసుల దృష్టికి వచ్చినవాళ్లలో మూడోవంతుకు పైగా మైనర్లేనని ఫింకెల్‌హోర్ బృందం 2009లో తేల్చింది. ఇంతమంది పిల్లలు, వాళ్లలో ఎక్కువమంది మారగలిగినవాళ్లు. వాళ్లకి వేళకి ఫోనెత్తే మనిషి లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అన్నిటికంటే కష్టం అక్కకి చెప్పడం. అమ్మానాన్నలకి తెలియకుండా ఇది నడవదని ఆవిడ వాడికే నచ్చజెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలో, "కానీ ఆ అమ్మాయే ముందు..." లాంటి మాట ఎందుకు రాకూడదో వాడితో మాట్లాడించి చూశారు. వాడే చెప్పాడు, నేను పక్కన కూర్చున్నాను. అక్క ఏడ్చింది. బావ చాలాసేపు పలకలేదు, తర్వాత స్కూలుకి తానే వెళ్తానన్నాడు.

స్కూలు కౌన్సెలర్ ఆ అమ్మాయి ఇంటివాళ్లతో మాట్లాడారు. వీణ్ని వేరే సెక్షన్‌కి మార్చారు. టీనేజర్లతో పనిచేసే సైకాలజిస్ట్ దగ్గరికి ఇప్పటికీ వెళ్తున్నాడు. రాత్రిపూట ఫోన్ హాల్లోనే ఉంటుంది. మొదట్లో గొడవపడ్డాడు, ఇప్పుడు తనే తెచ్చి పెడుతున్నాడు.

ఆ పిల్ల ఎలా ఉందని అక్క ఒకసారి కౌన్సెలర్‌ని అడిగింది. తోడుగా మనుషులున్నారు, అంతకుమించి చెప్పలేనన్నారు. మావాడికి దొరికిన గోప్యత ఆమెకీ దక్కాలి కదా, మేం మళ్లీ అడగలేదు.