వారం రోజుల ప్రపంచ సినిమా: క్యాబిన్ వైపు నుంచి నా అనుభవం

విదేశీ స్వతంత్ర చిత్రాలు, డాక్యుమెంటరీలతో హైదరాబాద్‌లో వారం రోజులు ప్రదర్శనలు పెడదామనుకునేవాళ్లు ముందుగా హాలు వెతుకుతారు. మేం ముందు కాగితాల పని మొదలుపెడతాం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాను బహిరంగంగా వేయకూడదు. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ మినహాయింపు ఇస్తుంది. దానికి ప్రతి సినిమా కథాసంగ్రహం, సినిమాలను చూసి సిఫారసు చేసిన ప్రివ్యూ కమిటీ సంతకాలు జతచేయాలి. వ్యాపార ప్రదర్శన కుదరదు, పేరు నమోదు చేసుకున్న డెలిగేట్లకే వేయాలి. దరఖాస్తు వెళ్లాక ఒక్క సినిమా మార్చినా దానికి మళ్లీ మొదటి నుంచి తిరగాలి. అందుకే హక్కుదారు ఈమెయిల్‌లో సరే అన్నాకే ఆ సినిమా పేరు జాబితాలోకి ఎక్కిస్తాం. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి కొనుక్కున్న సినిమాను పదిమందికి వేసే హక్కు మనకు రాదు. ప్రదర్శన రుసుము విదేశానికి పంపాలంటే బ్యాంకుకు ఇన్వాయిస్, పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకు పంపుతున్నామో చెప్పే సంఖ్య), అవసరమైన చోట చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే పన్ను పత్రం కావాలి. ఒప్పందంలో ఒక పేరు, ఇన్వాయిస్‌లో మరో పేరు ఉంటే డబ్బు కదలదు.

హాలు విషయంలో సీట్లు ఎన్నన్నది తర్వాత అడగండి. మొదట అడగాల్సింది, సినిమా ఫైలును ఆడించే యంత్రమైన సర్వర్ ఏమిటని. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్, బంజారాహిల్స్‌లో ప్రసాద్ ల్యాబ్స్ ప్రివ్యూ థియేటర్, లామకాన్ సాంస్కృతిక వేదికలోని ఆరుబయలు, వేటి స్వభావం వాటిది. మామూలు థియేటర్లలో ‘డిజిటల్ ప్రొజెక్షన్’ అన్నంత మాత్రాన విదేశం నుంచి వచ్చే డీసీపీ (థియేటర్ కోసం చేసిన డిజిటల్ సినిమా ప్యాకేజీ) ఆడుతుందని కాదు. ఇ-సినిమా (తక్కువ ఖర్చు డిజిటల్ పద్ధతి) సర్వర్లున్న హాళ్లలో అది ఆడదు, హాలీవుడ్ స్టూడియోలు పెట్టిన డీసీఐ ప్రమాణాల సర్వర్ ఉండాలి. ఆరుబయట అయితే డీసీపీ మాట వదిలేసి మంచి ఫైలు, వెలుతురు ఎక్కువిచ్చే ప్రొజెక్టర్ చూసుకోవాలి, పూర్తిగా చీకటి పడ్డాకే మొదలుపెట్టాలి.

అసలు కష్టం డీసీపీల దగ్గరే. ప్రమాణం అనుమతించే గరిష్ఠ డేటా వేగం సెకనుకు 250 మెగాబిట్లు. ఆ లెక్కన 90 నిమిషాల సినిమా దాదాపు 170 జీబీ దాకా పెరగొచ్చు. 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ఏ అంతరాయం లేకుండా నడిస్తే 100 జీబీ దిగడానికి రెండుంబావు గంటలు పడుతుంది. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, రాత్రంతా వదిలేయండి. దిగిన ఫైళ్లను లినక్స్ వాడే ఎక్స్‌టీ3 లేదా ఎక్స్‌టీ2 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులోకి ఎక్కించాలి. ఇంట్లో వాడే ఎక్స్‌ఫ్యాట్ డిస్కును చాలా సర్వర్లు గుర్తించవు. ఆపరేటర్ ‘డిస్క్ ఖాళీగా ఉంది సార్’ అన్నాడంటే ఎక్కువసార్లు కారణం ఇదే.

ఫైలు పేరును అక్షరం అక్షరం చదవడం అలవాటు చేసుకోవాలి. ఎఫ్ అంటే ఫ్లాట్ (మామూలు వెడల్పు బొమ్మ), ఎస్ అంటే స్కోప్ (ఇంకా వెడల్పు బొమ్మ). భాష దగ్గర ‘ఎఫ్ఆర్-ఈఎన్’ ఉంటే ఫ్రెంచ్ మాటలు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. ‘ఎఫ్ఆర్-ఎక్స్ఎక్స్’ ఉంటే సబ్‌టైటిల్స్ లేవు. కొన్నిసార్లు రెండు ప్యాకేజీలు వస్తాయి: ఓవీ అసలు సినిమా, వీఎఫ్ దానిమీద ఆధారపడిన సబ్‌టైటిల్ కూర్పు. ఓవీ ఒక్కటే ఎక్కిస్తే సినిమా చక్కగా ఆడుతుంది, కింద అక్షరం ఉండదు. వీఎఫ్ ఒక్కటే ఎక్కిస్తే అసలు ఆడదు. రెండూ ఎక్కించి, ప్లేలిస్టులో వీఎఫ్ పెట్టాలి.

యూరప్ డాక్యుమెంటరీలు టీవీ కోసం సెకనుకు 25 ఫ్రేములతో తీసినవి చాలా ఉంటాయి. పాత ఇంటరాప్ పద్ధతి డీసీపీల్లో ఖాయంగా ఆడేవి 24, 48 మాత్రమే. 25 కావాలంటే దాని తర్వాత వచ్చిన ఎస్ఎంపీటీఈ పద్ధతిలో చేసింది అడగండి. 24కి తగ్గించి ఇస్తే 90 నిమిషాల సినిమా 93 నిమిషాల 45 సెకన్లవుతుంది, సరిచేయకపోతే గొంతులూ కాస్త బరువెక్కుతాయి. దర్శకుడికి తెలియకుండా ఈ మార్పు చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

సినిమా ఫైలుకు తాళం (ఎన్‌క్రిప్షన్) ఉంటే దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి, అంటే కేడీఎం, కావాలి. అది ఏ సర్వర్ కోసం చేశారో దానిలోనే పనిచేస్తుంది. మల్టీప్లెక్స్‌లో స్క్రీన్ మారితే కేడీఎం కూడా మారాలి. గడువు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) కాలంలో రాస్తారు కాబట్టి 00:00కి మొదలయ్యే తాళం మనకు ఉదయం 5:30కి తెరుచుకుంటుంది. షో రోజుకే గడువు పెట్టి పంపేవాళ్లుంటారు, అలా అయితే పరీక్షించడానికి వీల్లేదు. రెండు రోజుల ముందు నుంచి మర్నాడు వరకు ఇవ్వమని మొదటి ఉత్తరంలోనే రాసేయండి. వీలున్నచోట తాళం లేని కాపీయే మేలు.

పరీక్షకు ప్రతి సినిమాలో మొదటి ఐదు నిమిషాలు, మధ్యలో మాటలున్న ఒక సన్నివేశం, చివరి పేర్లు చూడాలి. పెదవులకు మాట కలిసిందా, సబ్‌టైటిల్ కింద మాస్కింగ్‌లోకి (తెర అంచున ఉండే నల్ల గుడ్డలోకి) పోతోందా, ఫ్లాట్ సినిమాకు ప్రొజెక్టర్‌లో స్కోప్ ప్రీసెట్ పెట్టారా? సౌండ్ ప్రాసెసర్ మీద శబ్దానికి ప్రామాణిక స్థాయి 7. టీవీ కోసం కలిపిన డాక్యుమెంటరీని అక్కడ పెడితే చెవులు నొప్పెడతాయి, చాలాసార్లు 5 దగ్గర కుదురుతుంది. కుదిరిన అంకెను సినిమా పేరు పక్కన రాసి క్యాబిన్ గోడకు అతికిస్తాం, షో రోజు వేరే ఆపరేటర్ వచ్చినా ఇబ్బంది ఉండదు.

తెలుగు సబ్‌టైటిల్స్ వేయడం మాకు చాలా ఇష్టమైన పని, బస్తీల నుంచి, డిగ్రీ కాలేజీల నుంచి వచ్చేవాళ్ల కోసం తప్పనిసరి కూడా. కానీ చాలా సర్వర్లు తెలుగు ఒత్తులను సరిగా అమర్చలేవు, అక్షరాలు విడిపోయి వస్తాయి. కాబట్టి మాటలను పీఎన్‌జీ బొమ్మలుగా మార్చి డీసీపీలో పెట్టాలి. డీసీపీలు చేసే సాఫ్ట్‌వేర్ డీసీపీ-ఓ-మేటిక్ ఉచితమే, అందులో ముందు ఒక నిమిషం ముక్క చేసి హాల్లో చూడండి. వరుసకు 30 అక్షరాలు దాటకుండా రెండు వరుసలు చాలు. ఒత్తులకు చోటు కావాలి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కి పెట్టేదానికన్నా ఎక్కువ ఉంచాలి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ చూసి కాకుండా, హక్కుదారు ఇచ్చే పూర్తి డైలాగ్ లిస్టు నుంచి రాయించండి. సాక్ష్యం చెబుతున్న మనిషి ఆగిన చోట మన వాక్యమూ ఆగాలి.

షోల మధ్య అరగంట ఖాళీ లేకుండా వేళలు వేయొద్దు, సాయంత్రం ట్రాఫిక్‌లో జనం ఆలస్యంగానే వస్తారు. దర్శకులతో వీడియో సంభాషణకు మన రాత్రి 7 గంటలు అనువు: అప్పుడు బ్యూనస్ ఎయిర్స్‌లో ఉదయం 10:30, చలికాలమైతే పారిస్‌లో మధ్యాహ్నం 2:30. హాలు మైకులో మాట్లాడింది అవతలికి తిరిగి వెళ్లి ప్రతిధ్వని వస్తుంది కాబట్టి మైకు, ల్యాప్‌టాప్ రెండింటి శబ్దాన్నీ మిక్సర్‌లో వేర్వేరుగా పెట్టించండి.

వారం ముగిశాక సర్వర్‌లోని ప్రతి డీసీపీనీ మీ ఎదురుగానే తీయించేయండి. తేదీ, హాలు, వచ్చినవాళ్ల సంఖ్య రాసి హక్కుదారుకు పంపండి. డిస్కు తరచూ ఇంకో దేశంలోని ఫెస్టివల్‌కు నేరుగా వెళ్లాలి కాబట్టి కొరియర్ ఇన్వాయిస్‌లో అమ్మకానికి కాదని, ప్రదర్శన తర్వాత ముందుకు పంపుతున్నామని స్పష్టంగా రాసి, ట్రాకింగ్ నంబర్ ఆ రోజే హక్కుదారుకూ ఆ ఫెస్టివల్‌కూ పంపాలి.