అమ్మని సృష్టించింది నువ్వే కదా, అమ్మమ్మా

మేము లిస్బన్‌ను ఆనుకుని ఉన్న అమదోరాలో ఉంటాము. ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే పోర్చుగీసు. మొన్న సంక్రాంతికి కాకినాడలో ఉన్న మా అమ్మతో వీడియోలో మాట్లాడుతూ, "అమ్మమ్మా, మా అమ్మని సృష్టించింది నువ్వే కదా!" అన్నది. "సృష్టించడానికి నేనేమన్నా బ్రహ్మదేవుణ్నా తల్లీ? కన్నాను, పెంచాను, అంతే" అని అమ్మ నవ్వింది. నేను దిద్దబోయి ఆగిపోయాను. తన మనసులో ఉన్నది "క్రియార్" అనే పోర్చుగీసు మాట. దేవుడు లోకాన్ని సృష్టించడానికీ, తల్లి బిడ్డను పెంచడానికీ, రైతు కోళ్లను పెంచడానికీ ఈ భాషలో ఆ ఒక్క మాటే సరిపోతుంది. దాని రెండు అర్థాలలో ఒకదానికి తను తెలుగు వెతికి తెచ్చుకున్నది.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని "క్రెఆరే". చెవికి దగ్గరగా వినిపించినా మన సంస్కృత "క్రియ"తో దానికి చుట్టరికం లేదు. పుట్టించడం, కలిగించడం దాని అర్థం. రోమన్లు తమ అత్యున్నత అధికారి అయిన కాన్సుల్‌ను ఎన్నుకోవడాన్ని కూడా ఈ మాటతోనే చెప్పేవారు. పెరగడం అనే అర్థమున్న "క్రెస్కెరే", పంటల దేవత కేరెస్ పేరు కూడా ఈ ధాతువుకు చెందినవేనని భాషావేత్తలు చెబుతారు. మనకు "పెరుగు", "పెంచు" ఒకే వేరు నుంచి వచ్చినట్టే అక్కడా పెరగడం, పుట్టించడం ఒకే వేరు నుంచి మొలిచాయి. ఆ తరువాత లాటిన్ సంతానమైన భాషలు ఈ ఆస్తిని తలొక రకంగా పంచుకున్నాయి. స్పానిష్ దానిని రెండుగా విడదీసి సృష్టికి "క్రెఆర్" అని, పెంపకానికి "క్రియార్" అని పెట్టుకున్నది. ఫ్రెంచి, ఇటాలియన్ సృష్టి అర్థాన్ని ఉంచుకుని, పిల్లలను పెంచడానికి వేరే మాటలు చూసుకున్నాయి. రుమేనియన్‌లోనైతే "క్రెస్కెరే" నుంచి వచ్చిన క్రియాపదమే పెరగడానికీ పెంచడానికీ కూడా పనికివస్తుంది.

పోర్చుగీసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది "క్రియాంసా", అంటే చిన్నపిల్ల అని. బిడ్డకు పుట్టుకను బట్టి కాక పెంపకాన్ని బట్టి వచ్చిన పేరు అది. పెంచుకున్న బిడ్డకు కూడా ఇదే ధాతువుతో ఒక మాట ఉంది. అది అచ్చంగా మన "పెంపుడు కొడుకు". కోళ్ల పెంపకానికీ పిల్లల పెంపకానికీ తెలుగు కూడా ఒకే మాట వాడుతుందన్న సంగతి, నలభై ఏళ్లుగా ఆ భాష మాట్లాడుతున్న నేను, ఇక్కడికి వచ్చాకే గమనించాను.

ఇదే కుటుంబంలో "మాల్‌క్రియాదు" కూడా ఉంది. పెంపకం సరిగా లేనివాడు, మర్యాద తెలియనివాడు అని అర్థం. స్పానిష్‌లోనూ దాదాపు ఇదే రూపం. తప్పు పిల్లలదైనా మాట పడేది తల్లిదండ్రులే. ఆ న్యాయం మనకూ ఉన్నదే. రెండేళ్ల క్రితం ఊరికి వెళ్లినప్పుడు, పెద్దవారు వస్తే లేచి నిలబడలేదని మా అమ్మాయిని చూసి ఒక బంధువు "పెంపకం" అని మాత్రం అని ఊరుకున్నారు. ఆ ఒక్క మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అదే అమ్మాయి ఇక్కడ లిఫ్టులో ఎక్కిన ప్రతి ఒక్కరికీ శుభోదయం చెబుతుందని కింది అంతస్తు ముసలావిడ నాతో "చాలా బాగా పెంచారు" అన్నది. పిల్ల ఒక్కతే, పెంచిన చేతులూ ఇవే. కొలిచే గజాలే రెండు.

ఈ ధాతువు నుంచే "క్రియోలు" అనే మాట కూడా వచ్చింది. తల్లిదండ్రుల నేలకు దూరంగా, వలస భూమిలో పుట్టి పెరిగినవారికి అది పేరైంది. స్పానిష్ రూపమైన "క్రియోయో" గురించి ఇన్కా గార్సిలాసో అనే రచయిత తన పుస్తకంలో రాశాడు. ఆఫ్రికాలో పుట్టినవారికీ అమెరికాలో పుట్టినవారికీ తేడా చెప్పడానికి నల్లవారు కల్పించిన మాట అది అంటాడాయన. గార్సిలాసో 1539లో పెరూలోని కుస్కోలో ఇన్కా రాజవంశపు తల్లికీ స్పెయిన్ సైనికాధికారికీ పుట్టి, 1560లో స్పెయిన్‌కు వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. రెండు రక్తాలవాడన్న పేరును ఆయన నిండు నోటితో చెప్పుకున్నాడు. ఆ పుస్తకం 1609లో అచ్చయింది ఈ లిస్బన్‌లోనే. రైలు దిగి రోస్సియు చౌక్ దాటుతున్నప్పుడల్లా నాకు ఆయన గుర్తుకు వస్తాడు.

మారిషస్‌లో ఈ మాట "క్రెయోల్" అయి, ఫ్రెంచి పదాలతో అల్లుకున్న ఆ దీవి భాషకు పేరుగా నిలిచింది. పందొమ్మిదో శతాబ్దంలో మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారిని అక్కడ ఆ రేవు పేరుతోనే పిలిచారు. వారి మునిమనవలలో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఆ క్రెయోలే, అయినా ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు ఉంది. మా అమ్మ చిన్నప్పుడు కోరంగి వైపు ఎన్నోసార్లు వెళ్లింది. ఆ రేవుకు ఇంత కథ ఉందని నేను చెబితే ఫోన్లో చాలాసేపు మాట్లాడకుండా వింది.

అమదోరాలో ఆఫ్రికా పక్కనున్న కేప్ వెర్డీ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. అక్కడివారు తమ ఇంటి భాషను క్రియోలు అనే అంటారు. పోయిన నెల మా అమ్మాయి తరగతిలోనే చదివే ఒక పిల్ల మా ఇంటికి వచ్చి, నేను వంటింట్లో నుంచి వేసిన కేక విని, "ఇది మీ క్రియోలా?" అని అడిగింది. తెలుగుకు వెయ్యేళ్లు దాటిన సాహిత్యం ఉందని, క్రియోలు అన్న మాట దానికి వర్తించదని చెప్పడానికి నేను చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి, మా అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా "అవును, మా ఇంటిది" అని చెప్పేసింది. నేను ఇద్దరికీ పెరుగన్నం కలపడానికి వెనక్కి వెళ్లాను.